అకారాది వరుస

సంపూర్ణమ్మకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తాగడు, కొట్టడు, పేకముక్క ముట్టడు. అలాంటిదేదైనా ఉంటే పదిమందిలో చెప్పుకుని కళ్ళొత్తుకోవడానికైనా వీలుండేది. ఆయన పేర్లు రాస్తాడు. పేరు రాయని వస్తువు కంటబడితే సామ్యేలు మేష్టారికి ముద్ద దిగదు. ఉప్పు జాడీ మీద ‘ఉప్పు’, చింతపండు కుండ మీద ‘చింతపండు’, నీళ్ళ కడవ మీద ‘మంచినీళ్ళు’. అన్నీ ఒకే కొలత కాగితం ముక్కలు, ఒకే లావు అక్షరాలు, తుమ్మజిగురుతో అంటింపు. పెళ్ళయిన కొత్తలో చీపురు పిడికి కూడా ‘చీపురు’ అని అంటించి ఉండడం చూసి, తనకెక్కడ ‘భార్య’ అని అంటిస్తాడోనని ఆవిడ నాలుగు రోజులు వీపు తడుముకుంటూ తిరిగింది.

“ఈ ఇంట్లో చదువొచ్చినవాళ్ళం మనిద్దరం. ఉప్పేదో మనిద్దరికీ తెలుసు. మీ అమ్మగారికి అక్షరమ్ముక్క రాదు. మరి ఈ చీటీలు ఎవరికండీ?” అని ఓసారి అడిగేసింది.

“ఎవరైనా రావచ్చు” అన్నాడాయన.

“వచ్చి మన ఉప్పు తింటారా?”

“తింటే, ఉప్పని తెలిసే తింటారు.”

ఆవిడ నవ్వుకునేది గాని, ఆ పిచ్చి ఎక్కణ్ణించి వచ్చిందో ఆవిడకీ తెలుసు. ద్రాక్షారామం వెళ్ళే కాలవ గట్టు మీద ఉన్న ఆ ఊళ్ళో, సామ్యేలు వాళ్ళలా ఊరికి ఎడంగా పేటలో ఉండే అంటరానివాళ్ళెవరూ కొట్టు అరుగెక్కకూడదు. కింద రోడ్డు మీద నిలబడి కేకేస్తే పైనించి కొంగులోకో తువ్వాల్లోకో పడేస్తారు. పడ్డది ఏదైతే అదే. వాసన చూస్తాం, నలిపి చూస్తాం అంటే కుదరదు. పడ్డాక తిరిగివ్వడానికీ లేదు, ముట్టుకున్న సరుకు వెనక్కి పుచ్చుకోరు. సామ్యేలు చిన్నతనంలో వాళ్ళ నాన్న శొంఠి అడిగితే, శొంఠి పోలికలున్న ఇంకేదో కొమ్ము పడింది. దాని కషాయం తాగి ఆయన వారం రోజులు మంచం దిగలేదు. మిషను బడిలో అక్షరాలు నేర్చుకున్న రోజునే సామ్యేలుకి ఒకటి తట్టింది. ముట్టుకోనివ్వకపోతే మానె, పేరు రాసి ఉంటే రోడ్డు మీంచయినా చదువుకోవచ్చు. అదే మిషను బడిలో మేష్టారైన తరవాత కూడా ఆ ఊహ ఆయన్ని వదల్లేదు.

సామర్లకోటకి రైలొచ్చిన నాలుగో ఏడు, వేసంగిలో, కాలవ మీద పడవేసుకుని ఒక లేహ్యం వాడు దిగాడు. బలానికి, ఆకలికి, నరాలకి, నిద్రకి అన్నిటికీ ఒకే లేహ్యం. నూట ఎనిమిది మూలికలున్నాయన్నాడు. ఏవేంటయ్యా అని అడిగితే ఆరు చెప్పి, ఏడోది గురువుగారి రహస్యం అన్నాడు. పేటలో ముగ్గురికి చిగుళ్ళు వాచి నోట్లోంచి సొంగ ఆగలేదు. దాని గురించి ఊళ్ళో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తరవాత కరణంగారి బావమరిది అరటిపండు కొరికితే ముందు పళ్ళు రెండూ పండులోనే ఉండిపోయాయి. అప్పుడు కదిలింది యూనియను పంచాయతీ.

యూనియనుకి పెద్ద చంద్రరావుగారు. ఆయన మర్నాడే హుకుం చేశారు. ఇకమీదట ఈ ఊళ్ళో మందు దినుసులు అమ్మే కొట్లో ప్రతి డబ్బా మీదా పేరుండాలి, పేరు లేనిది అమ్మకూడదు. అలాంటి కొట్టు ఊరి మొత్తానికి ఒక్కటే ఉంది, బుల్లియ్యది. పేర్లు ఎవరు రాయాలన్న మాట వచ్చినప్పుడు, ముత్యాల్లాంటి దస్తూరీ ఉండి జీతం అడగని మనిషి కూడా ఒక్కడే కనిపించాడు.

అలా సామ్యేలు మేష్టారు మొట్టమొదటిసారి బుల్లియ్య కొట్టు అరుగెక్కాడు. చెప్పులు కింద విడిచి, కాళ్ళు కడుక్కుని, తుడుచుకుని మరీ ఎక్కాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, “మూడే మెట్లే సంపూర్ణా” అన్నాడు. “చిన్నప్పుణ్ణించీ చూస్తున్నాను, ఎన్నో ఉంటాయనుకున్నాను. మూడే.” ఆవిడ ఆ పూట చీటీల మీద ఎగతాళి ఏమీ ఆడలేదు.

బుల్లియ్యకి చదువు రాదు. ఆ కొట్లో ఏది ఎక్కడుంటుందో ఆయన ముక్కుకే తెలుసు. కళ్ళు మూసుకుని డబ్బా మూత తీసి, ‘వాము, పాతది’ అని చెప్పగలడు. వాసన కలిసిపోయే సరుకుల్ని దూరదూరంగా పెట్టేవాడు. నాలుగు రకాల దినుసులు మాత్రం డబ్బాల్లో కాకుండా మూతికి ఎర్రగుడ్డ కట్టిన నల్లకుండలో పోసి, దూలానికి ఉట్టి వేసి వేలాడదీశాడు. దాన్ని అందుకోవాలంటే పీట వేసుకోవాలి. ఆ పీట ఆయన తప్ప ఎవరూ వెయ్యరు.

సామ్యేలుకి అదంతా గందరగోళంలా కనిపించింది. ఎవరైనా వచ్చి సరి చూసుకోవాలంటే ఒక పద్ధతి ఉండొద్దూ? అందుకని డబ్బాలన్నీ నేల మీద పరిపించి, చీటీలు అంటించి, అరల్లో అకారాది వరుసలో పెట్టించాడు. ‘అతిమధురం’తో మొదలు, ‘హారతి కర్పూరం’తో ఆఖరు.

“మేష్టారూ, ఆ కుండ జోలికి మాత్రం రాకండి” అన్నాడు బుల్లియ్య. “అది పైన ఉండేదేనండి.”

“అందులో ఏముంది?”

“ఉన్నాయిలెండి. అడిగినవాడి మొహం చూసి ఇచ్చే సరుకు.”

“ఏడోది గురువుగారి రహస్యం అన్న లేహ్యం వాడు కూడా ఇలాగే అన్నాడు బుల్లియ్యగారూ.”

అరుగు మీద కూర్చున్న చంద్రరావుగారు పకపకా నవ్వి, “దించేయవయ్యా బుల్లియ్యా, రూలంటే రూలే” అన్నారు. బుల్లియ్య దించాడు. నల్లకుండలోవి నాలుగూ నాలుగు డబ్బాల్లోకి మారి, వాటి వాటి అక్షరాల దగ్గర కూర్చున్నాయి.

ఇదంతా జరిగి ఆరు నెలలైంది. ఈలోగా సంపూర్ణమ్మ ఇంట్లో మరో గొడవ ముదిరింది. పిల్లవాడు అబ్బులుకి ఇరవయ్యొకటో నెల వచ్చింది. పాకాడు, నడిచాడు, కోడిని తరిమాడు, చర్చిలో పాట మధ్యలో పాదిరిగారి కోటు కూడా లాగాడు. నోట్లోంచి మాత్రం ఒక్క మాట రాలేదు. ‘అమ్మ’ అని కూడా అనలేదు.

అత్తగారు వీరమ్మ దీనికి కారణం ఏనాడో కనిపెట్టేసింది. “పుట్టిన ఇరవయ్యొకటో రోజున వస పోద్దాం అంటే మీ ఆయన వినలేదు. చాదస్తం అన్నాడు. ఊళ్ళో ఏ బిడ్డకి పొయ్యలేదు చెప్పు? పొయ్యబట్టే ఆ పిల్లలంతా చిలకల్లా వాగుతున్నారు. మన వాడు చూడు, మూగనోము పట్టినట్టు!”

“మీ అబ్బాయికి పోశారా అత్తా?”

“పోశాను.”

“ఎక్కువ పోసినట్టున్నారు.”

వీరమ్మ నవ్వును చుట్ట వెనకాల దాచుకుంది. పాదిరిగారికి తెలియకుండా ఆవిడ రోజుకి నాలుగు చుట్టలు కాలుస్తుంది. చివరికి భార్య కళ్ళలో నీళ్ళు చూసి సామ్యేలే మెత్తబడ్డాడు. వస మూలిక, మందే కదా, అందులో మంత్రం ఏముందని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఒక సోమవారం పొద్దున్నే బుల్లియ్య కొట్టుకి వెళ్ళి పొట్లం తెచ్చాడు. ఆ పొట్లం మీద కూడా ‘వస’ అని రాసి ఇంట్లో ఇచ్చి, బడికి వెళ్ళిపోయాడు.

పొట్లంలో ముడతలు పడ్డ గోధుమరంగు కొమ్ము ఉంది. వీరమ్మ దాన్ని ఆముదం దీపం మీద నల్లగా కాల్చింది. సంపూర్ణమ్మ సానరాయి కడిగి, తేనె చుక్క వేసి అరగదీసింది. 

“ఘాటుంటుందన్నారు, వాసనే రావడం లేదేంటత్తా?”

“నా ముక్కుకి చుట్ట తప్ప మరోటి తెలిసి ఎన్నేళ్ళయిందే! నువ్వు పేరు చూశావుగా?”

“చూశాను. ‘వస’ అనే ఉంది.”

“మరింకేం? మా వాడు పేరు తప్పు రాస్తాడా?”

వీరమ్మ పిల్లవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, చూపుడువేలుతో గంధం తీసుకుంది. మరీ చేదుగా ఉంటే పసివాడు ఉమ్మేస్తాడేమో, ఇంకో చుక్క తేనె పడుతుందేమోనని సంపూర్ణమ్మ చిటికెనవేలు ముంచి నాలుక మీద రాసుకుంది.

ముందు తేనె తీపి. తరవాత కాస్త చేదు. ఆపైన నాలుక చివర చీమలు పారినట్టయింది. వస అంటే ఇలాగే చురుక్కుమంటుంది కాబోలు అనుకునేలోపే ఆ చీమలు పెదాల మీదికి, చిగుళ్ళ మీదికి ఎక్కాయి. మరు నిమిషానికి పెదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. చేత్తో తడుముకుంది. వేళ్ళకి పెదాలు తగిలాయి గాని పెదాలకి వేళ్ళు తగల్లేదు.

వీరమ్మ వేలు బిడ్డ మూతి దగ్గరకి వెళ్తోంది.

వద్దు అని అరిచింది సంపూర్ణమ్మ. అరిచాననుకుంది. బయటికొచ్చింది మాత్రం “అవ్వ... వవ్వ...” అని ఒక ముద్దశబ్దం. నోట్లో నాలుక తనది కాదు, ఎవరో అరువిచ్చిన తోలుముక్కలా ఉంది.

“ఏంటే ఆ వెక్కిరింపు?” అని నవ్వింది వీరమ్మ. వేలు పిల్లవాడి పెదవికి తగిలింది.

సంపూర్ణమ్మ అత్తగారి చేతిని ఒక్క గుంజు గుంజింది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఆవిడ మీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. సానరాయి ఎగిరి గుమ్మానికి తగిలి రెండు ముక్కలైంది. కొంగు నీళ్ళలో ముంచి పిల్లవాడి మూతిని చర్మం ఊడొచ్చేట్టు తుడిచింది. వాడు కెవ్వుమన్నాడు. వీరమ్మ కోడలికి దెయ్యం పట్టిందనుకుంది గాని, క్రైస్తవుల ఇంట్లో ఆ మాట పైకి అనకూడదని గుర్తొచ్చి ఆగింది.

“ఏమైందో చెప్పవే!”

చెప్పడానికేగా తంటా. సంపూర్ణమ్మ అలమారలోంచి పలకా బలపం లాగి రాసింది: ‘విషం. బుల్లియ్యను పిలవండి.’ రాసి అత్తగారి మొహం ముందు పెట్టింది.

వీరమ్మ పలక వంక చూసింది, కోడలి వంక చూసింది. “నాకు చదువు రాదు కదే తల్లీ!” అని గొల్లుమంది.

ఆ ఇంట్లో చీపురు నుంచి కడవ దాకా అన్నిటి మీదా అక్షరాలే. వాటి మధ్య అక్షరం రాని మనిషొకరు, మాట రాని మనిషొకరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. అప్పుడు వీరమ్మకి తోచింది. పిల్లవాణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో పలక పట్టుకుని, పైట జారినా చూసుకోకుండా బడికి పరుగెత్తింది.

సామ్యేలు ఎక్కాలు చెప్పిస్తున్నాడు. పలక చదివాక ఆయన ఏం చేశాడో ఆయనకే తెలియదు. కాలవ లాకుల దగ్గర పడవలోంచి మూటలు దింపించుకుంటున్న బుల్లియ్యని రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. ఊరివాణ్ణి తను తాకాననిగాని, తనని పేటవాడు తాకాడనిగాని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. బుల్లియ్య జన్మలో పేటలో అడుగు పెట్టినవాడు కాడు. తిన్నగా పెరట్లోకొచ్చి, గుమ్మం దగ్గర పడి ఉన్న కొమ్ము ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

“వసనాభి” అన్నాడు. “అమ్మా, ఎంత తిన్నారు?”

సంపూర్ణమ్మ చిటికెనవేలు గోరు చూపించింది.

“బాబుకి?”

వీరమ్మ తన పెదవి తాకి చూపించింది.

ఉప్పునీళ్ళు కలిపి చెంబుల మీద చెంబులు తాగించాడు బుల్లియ్య. సంపూర్ణమ్మ కక్కింది. ఒళ్ళు చల్లబడింది, గుండె రెండు అడుగులు వేసి మూడోది మరిచిపోయినట్టు కొట్టుకుంది. అయినా ఆవిడ కళ్ళు పిల్లవాడి మీదే. వాడు కింది పెదవి చప్పరించుకుంటూ, అది ఏమైపోయిందా అన్నట్టు వేళ్ళతో లాక్కుంటున్నాడు. మధ్యాహ్నానికి ఆకలేసి ఏడ్చాడు, పాలు తాగాడు, కోడి వెంటబడ్డాడు. పొద్దు వాలేవేళకి సంపూర్ణమ్మ నోట్లో కూడా నాలుక ఉన్నట్టు తెలిసింది. అప్పటిదాకా బుల్లియ్య పెరట్లో కింద కూర్చునే ఉన్నాడు, పచ్చిమంచినీళ్ళు ముట్టలేదు.

ఆయన లేవబోతుంటే సామ్యేలు అడ్డంగా నిలబడ్డాడు. “మీ వస డబ్బాలోకి విషం ఎలా వచ్చింది బుల్లియ్యగారూ?”

“తెలీదు మేష్టారూ.” బుల్లియ్య తల వంచుకున్నాడు. “ముప్ఫయ్యేళ్ళ కొట్టు. ఎప్పుడూ ఇలా జరగలేదు. నేను లాకుల దగ్గరున్నాను. కొట్లో మా ఆడది ఉంది.” ఆ మాట అన్నాక ఆయన తల ఇంకా కిందికి వంగిపోయింది.

తెల్లారేసరికి ఊరంతా గుప్పుమంది. బుల్లియ్య కొట్లో బిడ్డలకి విషం అమ్ముతున్నారట. యూనియను వారు ఆ పొద్దున్నే కొట్టుకి తాళం వేస్తారట. సామ్యేలు కొట్టు మూయించమని అర్జీ రాసుకుని, స్నానం చేసి, చంద్రరావుగారి ఇంటికి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే ఇటు పెరటి గోడ పక్కనించి ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. బుల్లియ్య భార్య మరిడమ్మ. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

“అమ్మా, బాబు బాగున్నాడా?” అంది ముందు.

“బాగున్నాడు.” ఇంకా మొద్దుగానే తిరుగుతోంది సంపూర్ణమ్మ నాలుక.

“మా ఆయన నాతో మాట్లాడ్డం లేదు. నేనే తప్పు డబ్బా తీశాననుకుంటున్నారు. నేను తియ్యలేదమ్మా. తీసింది మీ ఆయన.”

సంపూర్ణమ్మకి చెవులు కూడా మొద్దుబారాయా అనిపించింది. “ఎవరు?”

“మేష్టారే. ఉండండి మేష్టారూ, ఆయనొచ్చి వాసన చూసి ఇస్తారు అన్నాను. ‘చదువొచ్చినవాడికి ముక్కుతో పనేంటమ్మా’ అని ఆయనే అరుగెక్కి, ఆయనే చదువుకుని, ఆయనే డబ్బా తీశారు. నేను పొట్లం కట్టానంతే. ఈ మాట చెబితే ఎవరూ వినడం లేదు.”

నిన్న పొట్లం ఇస్తూ మొగుడు ఏమన్నాడో సంపూర్ణమ్మ గుర్తు తెచ్చుకుంది. ‘బుల్లియ్య కొట్లోది’ అన్నాడు. అబద్ధమేమీ కాదు. కొట్లోదే.

“పద, చూద్దాం” అంది.

కొట్టు ముందు ఆవిడ అలవాటుగా రోడ్డు మీదే ఆగిపోయింది. “ఎక్కండమ్మా” అంది మరిడమ్మ. “కాసేపట్లో తాళం పడే కొట్టుకి మడేంటి?”

మూడు మెట్లే. ఎక్కి, అరల ముందు నిలబడి, ‘వ’ ఎక్కడుందో వెతుక్కుంది. అడుగు అర. ప్రతి అరకీ డబ్బాలు జారకుండా ముందు నాలుగు వేళ్ళ వెడల్పు బద్ద కొట్టి ఉంది. బద్ద పైన చీటీలు కనిపిస్తున్నాయి, మొగుడి ముత్యాల దస్తూరీలో. ఆవిడ చదువుకుంది.

వట్టి. వస. వస. వాము.

మళ్ళీ చదువుకుంది. కొట్టు నేల చల్లగా కాళ్ళలోంచి పైకి పాకింది. వంగి రెండో ‘వస’ డబ్బాని పట్టుకుని బద్దకి పైగా లేపింది. చీటీ కింది సగం బయటపడింది. అక్కడ మరో వరుస ఉంది. అదే లావు అక్షరాలు, అదే అందం.

నాభి.

చీటీలన్నీ ఒకే కొలత. అక్షరాలన్నీ ఒకే లావు. పొడుగు పేరైతే రెండు వరసలు. నల్లకుండలోంచి దిగిన విషం అకారాది వరుసలో సరిగ్గా తను కూర్చోవలసిన చోటే, పసిపిల్లల మందుకి భుజం తాకేంత దగ్గరగా కూర్చుంది. ఎక్కడా ఒక్క అక్షరం తప్పు లేదు. సంపూర్ణమ్మ డబ్బాని బద్ద వెనక్కి దించి, అరుగు దిగి రోడ్డు మీద నిలబడింది. గోడ పట్టుకుంది.

కాసేపటికి చంద్రరావుగారు తాళంకప్పతో వచ్చారు. వెనక సామ్యేలు అర్జీతో, ఆ వెనక ఊళ్ళో సగంమంది. బుల్లియ్య తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భార్య వంక చూడలేదు.

“ఏవండీ” అంది సంపూర్ణమ్మ. అంతమంది మగవాళ్ళలో ఆవిడ నోరు విప్పడంతో గుంపు ఉలిక్కిపడింది. అన్నిటికంటే ఎక్కువ ఉలిక్కిపడింది సామ్యేలు. “తాళం వేసేముందు ఆ అడుగు అర ఒకసారి చదవండి. అందరికీ వినపడేలా.”

“ఇప్పుడదెందుకు సంపూర్ణా? నువ్వు ఇంకా కోలుకోలేదు.”

“చదవండి.”

చంద్రరావుగారు చెయ్యి ఊపారు. సామ్యేలు అరుగెక్కి, ఎప్పుడూ చదివే గొంతుతో మొదలెట్టాడు. “వట్టివేరు...”

“మీరు రాసింది కాదండీ. అక్కడ కనిపిస్తున్నది చదవండి.”

ఆయన మళ్ళీ చూశాడు. “వట్టి” అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. “వస” అన్నాడు. తరవాత నోరు తెరిచాడు గాని మాట రాలేదు. పెదాలు కదిలాయి. గుంపంతా మెడలు సాచింది.

“తరవాతదేంటండీ?”

“వస” అన్నాడు. ఆ మాట ఆయనకి కూడా సరిగ్గా వినపడి ఉండదు.

మరిడమ్మ లోపలికి వెళ్ళి డబ్బా పైకి లేపింది. ఆవిడకి చదువు రాదు. తను చూపించేది ఏంటో తెలియకుండానే అందరికీ ఎత్తి చూపించింది. చదువొచ్చిన నలుగురూ ఒక్కసారే లోగొంతుల్లో ‘నాభి’ అన్నారు. రానివాళ్ళకి పక్కవాళ్ళు చెప్పారు. బుల్లియ్య అప్పుడు భార్య వంక తలెత్తి చూశాడు. ఆ చూపు చూసి సంపూర్ణమ్మ మొహం తిప్పుకుంది.

ఇంత జరిగినా చంద్రరావుగారికి దారి దొరికింది. పెద్దమనుషులకి ఎప్పుడూ ఏదో ఒక దారి దొరుకుతుంది. “సరే సరే. ఆ బద్ద మూలాన్నేగా ఇదంతా! బద్ద కొట్టినవాడు బుల్లియ్య. దానికి వాణ్ణి మందలించి వదిలేద్దాం. రూలుకీ చీటీలకీ వంక లేదు. మేష్టారూ, మీరు అలాగే రాయండి.”

“అవునండి” అన్నాడు బుల్లియ్య గబగబా. “బద్ద నాదేనండి.”

దాంతో అయిపోయేది. తాళంకప్ప జేబులోకి వెళ్ళిపోయేది, మేష్టారి అరుగు మేష్టారికి ఉండేది. సంపూర్ణమ్మ రోడ్డు మీద నిలబడి మొగుడి మొహం చూస్తూ ఉంది. ఆయన ఆ మూడు మెట్ల వంక చూశాడు. చేతిలో అర్జీ వంక చూశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

“బద్ద ముప్ఫయ్యేళ్ళ నించీ అక్కడే ఉందండి” అన్నాడు. “డబ్బాలు నేల మీద పెట్టి చీటీలు అంటించాను. అరలో పెట్టాక వరుస సరిపోయిందా లేదా అని మొదటి అక్షరాలే చూసుకున్నాను. నేను రాసిందే కదా అని మిగతాది చదవలేదు. నిన్న డబ్బా తీసినప్పుడూ అంతే. కుండ దించొద్దని ఈయన చెప్పారు, నేనే దించమన్నాను. ఉండండి, ఆయనొచ్చి వాసన చూస్తారని ఈవిడ చెప్పింది, నేనే విన్లేదు. పేర్లుండాలండి, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కాని విషాన్ని మందు పక్కన కూర్చోబెట్టే వరుస వరుస కాదు. కుండ మళ్ళీ ఉట్టి మీదికి ఎక్కాలి.”

చంద్రరావుగారు, “పోనీలెండి మేష్టారూ, ఇప్పుడు అదంతా...” అని ఏదో అనబోయారు.

సామ్యేలు ఆయన వంక తిరగలేదు. బుల్లియ్యకీ మరిడమ్మకీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“తప్పు నాదండి” అన్నాడు. రోడ్డు మీద ఉన్న పేటవాళ్ళకి వినపడలేదేమోనని అరుగు చివరికొచ్చి, ఈసారి బళ్ళో పాఠం చెప్పేంత గట్టిగా అన్నాడు. “తప్పు నాది.”